గ్రామ గృహమున కళాశాల విద్య

నేడు మన గ్రామములలో క్రొత్త విధమైన విద్యార్థిని యొకతె కానవచ్చుచున్నది. ఆమెకు కళాశాల కలదు గాని, ప్రతిదినమును పోవలసిన తరగతి గది లేదు. ఆమె పేరు విశ్వవిద్యాలయపు పట్టికలో నున్నది. ఆమె పుస్తకములు మాత్రము వంటయింటి గూటిలో నున్నవి. పగలు పొలము, ప్రొద్దున సాయంకాలములు పాడి, రాత్రి పిల్లల పాఠములు. వీని నడుమ ఆమె పట్టపరీక్షకు చదువుచున్నది. మన పాఠశాలలో చదివి, వివాహమై గ్రామములకు వెడలిన బాలికలలో ఇట్టివారు కలరు. ఇప్పుడు మన తరగతులలో కూర్చున్న బాలబాలికల తల్లులలోను కలరు.

వీరిలో కొందఱు మూడు సంవత్సరములలో పట్టము పొందుచున్నారు. మఱికొందఱు రుసుము కట్టి, పుస్తకములు తెచ్చుకొని, మొదటి ఊడ్పుల నాటికే చదువు విడిచిపెట్టుచున్నారు. బుద్ధిబలములో ఈ యిరువురకును గొప్ప భేదమున్నట్లు మాకు తోచదు. భేదము వారి యిండ్లలో నున్నది. ఒక యింట చదువునకు వేళ యేర్పడినది. రెండవ యింట అది యేర్పడలేదు. ఆ వేళ యెట్లు ఏర్పడును, ఎవరి పనిలోనుండి ఏర్పడవలెను, ఎవరి పాలిటినుండి ఎంతమాత్రమును తీసికొనరాదు అను విషయములను ఈ వ్యాసమున విచారింతము.

ఇంటికి వచ్చిన కళాశాల

కళాశాలకు పోకయే పట్టమును పొందు పద్ధతి క్రొత్తది కాదు. ఇంగ్లాండులో లండను విశ్వవిద్యాలయము 1858వ సంవత్సరముననే, తన కళాశాలలలో చదువని వారికిని పరీక్షల తలుపులు తెఱచినది. ఎచ్చట చదివితిరని అడుగక, ఏమి నేర్చితిరని మాత్రమే పరీక్షించుట దాని ముఖ్యోద్దేశము. ఆ దేశముననే 1969లో స్థాపింపబడి, 1971 జనవరిలో బోధన ప్రారంభించిన సార్వత్రిక విశ్వవిద్యాలయము రేడియో, టెలివిజను, తపాలా సాధనములతో పాఠములను ఇండ్లకే పంపసాగెను.

మన దేశమున ఢిల్లీ విశ్వవిద్యాలయము 1962లో తపాలా ద్వారా విద్య నేర్పుటకు పూనుకొన్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయమును 1972లో ఇట్టి శాఖను తెఱచినది. పిమ్మట 1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. భారతదేశమున సార్వత్రిక విశ్వవిద్యాలయములలో ఇదియే మొదటిది. దాని తొలి ఉపాధ్యక్షులు ఆచార్య జి. రామిరెడ్డిగారు. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము నెలకొల్పబడినప్పుడు దానికిని వారే తొలి ఉపాధ్యక్షులైరి. హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు 1991లో డాక్టరు బి. ఆర్. అంబేద్కరుగారి పేరు పెట్టబడినది.

ఈ పద్ధతిలో పాఠ్యపుస్తకము గురువు వంటిది. ఒంటరిగా చదువువారికి బోధపడునట్లు అది వ్రాయబడును. ప్రతి పాఠము చివరను తన్ను తాను పరీక్షించుకొనుటకు ప్రశ్నలుండును. సెలవుదినములలో సమీప పట్టణమందలి అధ్యయన కేంద్రమునకు పోయి అధ్యాపకులను సందేహములడుగవచ్చును. ఇంతవఱకు విశ్వవిద్యాలయము చేయగలదు. కాని పుస్తకము తెఱచి కూర్చుండుటకు కావలసిన గంటను ఏ విశ్వవిద్యాలయమును తపాలాలో పంపజాలదు. దానిని ఇల్లే ఈయవలెను.

మన పూర్వుల యిండ్లలో

ఇల్లు ఆ గంటను ఇచ్చినచో ఏమి జరుగునో తెలిసికొనుటకు మన తెలుగువారి చరిత్రలోనే నిదర్శనములు కలవు.

భండారు అచ్చమాంబగారు 1874లో జన్మించిరి. ఆమె పాఠశాలకు పోయి చదివినవారు కారు. బాల్యముననే వివాహమై భర్తతో మధ్యపరగణాలలో కాపురముండిరి. ఆమె తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువు నిమిత్తము నాగపురమున అక్కగారి యింటనే యుండిరి. తమ్ముడు కళాశాలలో నేర్చి వచ్చినది అక్కకు ఇంట దొరకెను. తెలుగేగాక హిందీ, మరాఠీ మొదలగు భాషలను ఆమె ఇంటనే అభ్యసించిరి. స్త్రీల చరిత్రలను కూర్చి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ యను గ్రంథమును 1901లో ప్రకటించిరి. 1902లో మచిలీపట్టణమున బృందావన స్త్రీ సమాజ స్థాపనకు పాటుపడిరి. అనాథ బాలబాలికలను తమ యింటనుంచుకొని విద్య చెప్పించిరి. 1905లో, చిన్న ప్రాయముననే, పరలోకగతులైరి. ఒకే యింటి కప్పు క్రింద ఒకరు కళాశాల విద్యార్థి, ఒకరు గృహ విద్యార్థిని. ఆ విద్యార్థినియే పిమ్మట ఇతరుల బిడ్డలకు ఆధారమయ్యెను.

దుర్గాబాయి దేశముఖుగారు 1909లో రాజమహేంద్రవరమున జన్మించిరి. వారును క్రమముగ తరగతులు చదువుకొనుచు పైకి వచ్చినవారు కారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు ఇంటనుండియే చదివి కృతార్థులైరి. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయమున పట్టము పొందిరి. అటుపిమ్మట మద్రాసున న్యాయశాస్త్రమభ్యసించిరి. 1937లో మద్రాసున వారు నెలకొల్పిన ఆంధ్ర మహిళాసభ, చదువు మధ్యలో ఆగిన స్త్రీలను అదే మెట్రిక్యులేషను పరీక్షకు సిద్ధపఱచినది. వారి యధ్యక్షతన ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి, అట్టి స్త్రీలు కొలది కాలములో పరీక్షకు కూర్చుండుటకు వీలుగా సంక్షిప్త విద్యాక్రమములను 1958లో ప్రారంభించినది. తాము నడచిన ఇరుకు త్రోవను వెనుకవచ్చువారికి వెడల్పు చేసిరన్నమాట.

ఈ యిరువురును అసామాన్యులు, నిజమే. అయినను వారి చరిత్రలనుండి సామాన్యులమైన మనము గ్రహింపదగినది ఒకటి కలదు. ఇంట నేర్చుటయు, ఇంట నేర్పుటయు, పై చదువు చదువుటయు ఒకదానికొకటి శత్రువులు కావు. చదువునకు శత్రువు వేఱొకటి కలదు. దానిని ఇప్పుడు అంకెలలో చూతము.

దినమును కొలుచుట

భారత ప్రభుత్వమువారు 2019వ సంవత్సరమున, ప్రజలు దినమునందలి కాలమును ఎట్లు వినియోగించుచున్నారో తెలిసికొనుటకు దేశమంతట విచారణ జరిపిరి. ఆఱు సంవత్సరములు మొదలు అన్ని వయస్సులవారిని అడిగిరి. జీతము లేని ఇంటిపనిని, అనగా వంట, ఊడ్పు, అంట్లు, బట్టలు మొదలగువానిని, స్త్రీలలో నూటికి 81 మంది చేయుచున్నట్లును, పురుషులలో నూటికి 26 మంది మాత్రమే చేయుచున్నట్లును తేలినది. చేయువారిలో స్త్రీ దినమునకు సగటున 299 నిమిషములును, పురుషుడు 97 నిమిషములును దానికి వెచ్చించుచున్నారు. ఇందులో పిల్లల పెంపకము, రోగుల సేవ చేరలేదు. పొలము పనియు చేరలేదు.

విద్యార్థులారా! ఈ లెక్కను మీ పలకమీద వేసి చూడుడు. 299 నిమిషములు ఇంచుమించు 5 గంటలు. ఇందులో నాలుగవ వంతును ఇంటిలోని తక్కినవారు పంచుకొన్నారనుకొనుడు. అప్పుడు ఆమెకు దినమునకు దాదాపు 75 నిమిషములు మిగులును. పండుగలకు, జబ్బులకు, బంధువుల రాకపోకలకు 65 దినములు విడిచి, ఏడాదికి 300 దినములే లెక్కింతము. 75ను 300 చేత గుణించిన 22,500 నిమిషములు. అనగా 375 గంటలు. ఏడాదికి చదువవలసిన పాఠములు 80 అనుకొనినచో ఒక్కొక్క పాఠమునకు నాలుగున్నర గంటలకు పైగా లభించును. ఒక పాఠమును చదివి, గుర్తులు వ్రాసికొని, ప్రశ్నలకు జవాబులు వ్రాయుటకు ఇది చాలును.

కావున “ఆమెకు తీరిక యెక్కడిది?” అని అడుగుట సరియైన ప్రశ్న కాదు. “ఆమె పనిలో నాలుగవ వంతును పంచుకొనువారెవరు?” అని అడుగవలెను. మొదటి ప్రశ్నకు నిట్టూర్పు తప్ప జవాబు లేదు. రెండవ ప్రశ్నకు ఇంటిలోని ప్రతివారును జవాబు చెప్పవలసి వచ్చును.

చెఱువు నీటినుండి ఒక పాఠము

ఈ విషయమును మన గ్రామములవారికి వేఱుగ బోధింప నక్కఱలేదు; చెఱువు క్రింద సాగుచేయువారందఱు దీనిని ఎఱుగుదురు. వానలు తక్కువైన యేట చెఱువులో నీరు కొంచెమే యుండును. అప్పుడు వంతులేర్పఱతురు. కొన్ని సీమలలో నీరుగంటి యనియు, కొన్నిట నీరటి యనియు పిలువబడు మనుష్యుడు ఏ మడికి ఎప్పుడు నీరు పాఱవలెనో చూచును. వంతు తప్పినచో తూము దగ్గఱి పొలములవారు కావలసినంత త్రాగింతురు; కొనభూములు ఎండిపోవును. నీరు లేక ఎండినవని లోకులందురు. నిజమునకు వంతు లేక ఎండినవి.

ఇంటిలోని కాలమును ఇట్టిదే. వంట, పశువులు, పొలము, అతిథులు, పిల్లలు తూము దగ్గఱనున్న మళ్లు. ఇల్లాలి చదువు కొనభూమి. అన్ని పనులు ముగిసిన తరువాత మిగిలిన వేళలో చదువుకొనుమనుట, పైవారందఱు తడుపుకొన్న తరువాత మిగిలిన నీరు తీసికొనుమనుటతో సమానము. మిగులదు. చదువునకు ముందుగనే వంతు వేయవలెను. ఆ వంతు సమయమున ఇతరులు మడవ త్రిప్పరాదు. ఆ గంటలో ఆమెను పిలువరాదు. “ఒక్క నిమిషమే” యని అడుగువారు ఆ నిమిషముతో పాటు, తెగిన ఆలోచనను మరల అతుకుటకు పట్టు పదినిమిషములను గూడ హరించుచున్నారు.

ఆ గంట ఏ వేళనుండవలెనని అడుగుదురేమో. తెల్లవారుజామున లేచి చదువుకొనుడని పెద్దలు చెప్పుట కలదు. పాడి లేని యింట అది మంచి మాటయే. కాని గేదెలను పితికి, పాలకేంద్రము వేళకు పాలు చేర్చవలసిన యింట తెల్లవారుజామే అన్నిటికంటె తొందర వేళ. అట్టి యింట మధ్యాహ్న భోజనములైన పిమ్మట, ఎండ తగ్గకమునుపు, ఒక గంట దొరకవచ్చును. ఏ యింటి వేళ ఆ యింటివారే ఒక వారము దినములు పనులు కొలిచి నిర్ణయించుకొనవలెను. పొరుగింటి వేళను ఎరువు తెచ్చుకొనిన పనికిరాదు.

పంట కాలమును, చదువు కాలమును

పట్టణపు కళాశాల యొక్క క్యాలెండరు వ్యవసాయము నెఱుగదు. కావున విశ్వవిద్యాలయపు కాలపట్టిక చేతికి వచ్చిన దినముననే దానిని పంచాంగము ప్రక్కన పెట్టి చూచుకొనవలెను.

గోదావరి, కృష్ణా డెల్టాలలో రోహిణి, మృగశిర కార్తెలనాటికి సార్వా నారుమళ్లు సిద్ధమగును. కాలువనీరు వచ్చిన కొలది ఆషాఢ శ్రావణములలో ఊడ్పులు సాగును. కార్తిక మార్గశిరములలో కోతలు, నూర్పులు. వెంటనే దాళ్వా ఊడ్పులు. ఆ కోతలు చైత్ర వైశాఖములలో వచ్చును. తెలంగాణమున ప్రత్తి వేసినవారికి ఆశ్వయుజము మొదలుకొని పుష్యము వఱకు తీఁతలు విడతలు విడతలుగ నుండును. రాయలసీమలో వేరుసెనగ వానలతో విత్తబడి, ఆశ్వయుజ కార్తికములలో పీకబడును. ఈ దినములలో ఇల్లాలు కూలికి పోయినను, తన పొలముననే పనిచేసినను, కూలివారికి అన్నము వండినను, గంటసేపు పుస్తకము తెఱచుట దుర్లభము.

కావున సంవత్సరమును రెండుగ విభజించుకొనవలెనని మా యభిప్రాయము. పనులు తక్కువగనున్న నెలలు క్రొత్త పాఠములు నేర్చుటకు. పనులు ముమ్మరమైన నెలలు నేర్చినదానిని నిలుపుకొనుటకు. ఊడ్పుల దినములలో క్రొత్త పాఠమునకు పూనుకొని, అర్థము కాక, “నాకు రాదు” అని దిగులుపడుట తగదు. అప్పుడు పాత పాఠములోని నాలుగు ముఖ్యాంశములను చిన్న కాగితముపై వ్రాసికొని, కలుపు తీయునప్పుడు మనస్సున తలచుకొనినను చాలును. సాయంకాలము కాగితము చూచి, ఏది మఱచితిమో సరిచూచుకొనవలెను.

ఇది కేవలము ఓదార్పు మాట కాదు. జర్మనీ దేశస్థుడైన హెర్మన్ ఎబ్బింగ్‌హౌసు అను శాస్త్రజ్ఞుడు అర్థము లేని అక్షరముల వరుసలను తానే వల్లెవేసి, జ్ఞాపకశక్తిని గూర్చి చేసిన పరిశోధనలను 1885లో ప్రకటించెను. ఒకే దినమున 68 మారులు వరుసగ వల్లించుటవలన కలిగిన లాభము, మూడు దినములకు పంచి 38 మారులు వల్లించుటవలననే కలిగినట్లు అతడు కనుగొనెను. అనగా కొంచెము కొంచెముగ, ఎడమిచ్చి నేర్చినది తక్కువ శ్రమతో ఎక్కువ కాలము నిలుచును. పరీక్షకు ముందు వారము దినములు రాత్రింబవళ్లు మేలుకొను పట్టణ విద్యార్థికంటె, ఏడాది పొడుగునను దినమునకొక గంట చదివి, పొలములో మననము చేసికొను గ్రామ విద్యార్థిని ఈ విషయమున మేలైన త్రోవలో నున్నది.

ఇంట బిడ్డలకు నేర్పుట

ఇక పిల్లల మాట. 2020 మార్చిలో మహమ్మారి కారణమున దేశమందలి పాఠశాలలన్నియు మూతపడినప్పుడు, మన గ్రామములలో ఎందఱో తల్లులు అనుకొనకుండగనే ఉపాధ్యాయినులైరి. ఇంటిలోనున్న ఒక్క సెల్ ఫోను చుట్టును ఇద్దఱు ముగ్గురు పిల్లలు కూర్చుండిరి. ఆ కష్టకాలము గడచినది; కాని ఇంటిలో నేర్పదగినది చాల కలదను ఎఱుక నిలిచినది.

ఈ బోధనకు తల్లి తన చదువును మానుకొననక్కఱలేదు. తాను చదివిన దానినే బిడ్డకు తగినట్లు చెప్పవచ్చును. అర్థశాస్త్రమున తగ్గుచున్న ప్రతిఫలముల సూత్రము చదివినదనుకొందము. ఒకే మడిలో మొదటి బస్తా ఎరువు వేసిన దిగుబడి బాగుగ పెరుగును. రెండవ బస్తాకు అంత పెరుగదు. మితిమీఱి వేసిన పైరు ఏపుగ పెరిగి నేలకు ఒరగును. ఈ మాటలు పదేండ్ల బాలునకు తెలియును; చెప్పిన తల్లికి పరీక్షలో మఱపు రాదు. వృక్షశాస్త్రము చదువునామె ఉదయమున వరి పూతను త్రెంచి బిడ్డకు చూపవచ్చును. వరిపువ్వులో ఆఱు కేసరములుండును. గోధుమ పువ్వులో మూడే. పువ్వు ప్రొద్దెక్కిన తరువాత తెఱచుకొని, కొలది సేపటికే మూసికొనును. కావున ఈ పాఠమునకు కాలము ప్రొద్దుటిపూటయే. బిడ్డ అడిగిన ప్రశ్నకు తాను బదులు చెప్పలేకపోయినచో, ఆ భాగము తనకింకను రాలేదని తల్లి తెలిసికొనును. ఇంతకంటె మంచి పరీక్షకుడు ఆమెకు దొరకడు.

గణితమునకును ఇంటిలో సాధనములు కలవు. పాత కొలతపాత్రలున్న యింట భిన్నములను నేర్పుట సులువు. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచము. కుంచములో సోల ఎన్నవ వంతని అడిగి, బియ్యము పోసి కొలిపింపుడు. పదునాఱవ వంతని బిడ్డ చేతులతో కనుగొనును. పాలకేంద్రపు పుస్తకములో లీటర్లు, వెన్న శాతము, ధర వ్రాయబడియుండును. పదిదినముల మొత్తమును బిడ్డచే కట్టించి, కేంద్రమువారి లెక్కతో సరిచూపింపుడు. ఈ లెక్కలో తప్పు వచ్చినచో ఇంటికి నష్టము వచ్చును గనుక బిడ్డ శ్రద్ధతో చేయును. వాకిట చుక్కల ముగ్గు వేయు బాలికకు సౌష్ఠవము అను క్షేత్రగణిత విషయము పేరు తెలియకయే తెలిసియున్నది. పేరు చెప్పుటయే మిగిలినది.

అయితే ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఇంటి బోధన బడికి తోడుగ నుండవలెను గాని, బడి మానిపించుటకు నెపము కారాదు. 2009లో చేయబడి, 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రకారము 6 మొదలు 14 సంవత్సరముల వయస్సుగల ప్రతి బిడ్డకును ఉచిత నిర్బంధ విద్య పొందు హక్కు కలదు. ఏ కారణముననైనను బడి తప్పిన పిల్లలకు, 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక పాఠశాల యొక్క పరీక్షలు త్రోవ చూపుచున్నవి. 14 సంవత్సరములు నిండినవారు దాని సెకండరీ పరీక్షకు చేరవచ్చును. అది త్రోవ తప్పినవారికి మరల చేరు మార్గము. త్రోవలోనున్న బిడ్డను తప్పించుటకు కాదు.

ఎవరి పాలిటినుండి తీసికొనరాదు

ఇప్పుడు ఈ వ్యాసమునందలి ముఖ్య విషయమునకు వచ్చితిమి. ఇల్లాలి పనిలో నాలుగవ వంతు ఇతరులు పంచుకొనవలెనంటిమి. ఆ యితరులెవరు? ఒక యింటిని ఉదాహరణముగ తలచుకొందము. అత్తమామలు, భార్యాభర్తలు, పదమూడేండ్ల కూతురు, పదునొకండేండ్ల కొడుకు. రెండు గేదెలు, రెండెకరముల మాగాణి. తల్లి పట్టపరీక్షకు చేరినది. ఇంటిలోనివారు మంచివారే, ఆమె చదువుకు అడ్డు చెప్పలేదు. అంట్లు ఎవరు తోమవలెనను ప్రశ్న వచ్చినప్పుడు మాత్రము, ఎవరును నోట చెప్పకయే, అవి కూతురి ముందు చేరును. పిమ్మట చీపురు చేరును. పొయ్యి చేరును. కోతల నెలలో “ఒక్క వారము బడికి పోకున్న నేమి?” అను మాట వచ్చును. తల్లి పుస్తకము తెఱచుకొన్నది. కూతురి పుస్తకము మూతపడినది.

ఇట్లు జరిగినచో ఆ యింట చదువు పెరుగలేదు; ఒక చేతినుండి మఱియొక చేతికి మాఱినది. పైగా తిరిగి తెచ్చుకొనుటకు కష్టమైన చేతినుండి పోయినది. 2011 జనగణన ప్రకారము ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఏడేండ్లు పైబడిన స్త్రీలలో నూటికి సుమారు 59 మందియు, పురుషులలో సుమారు 75 మందియు అక్షరాస్యులు. ఈ పదునాఱింటి వ్యత్యాసము ఒక్కనాడు ఏర్పడినది కాదు. ఒక్కొక్క కోతల కాలమున, ఒక్కొక్క వారముగ, ఒక్కొక్క బాలిక బడి మానుటచే పోగైనది. తల్లి చదువు ఆ పోగును తగ్గింపవలెను గాని దానికి మఱియొక పిడికెడు చేర్పరాదు.

కావున మేము చెప్పునది యిది. తల్లి చదువునకు వేసిన వంతు మొదట తండ్రి వేళనుండి రావలెను. తరువాత కొడుకు ఆటవేళనుండి కొంతయు, కూతురి ఆటవేళనుండి అంతే కొంతయు రావలెను. బడి వేళనుండి ఎవరిదియు రారాదు. పదునొకండేండ్ల బాలుడు అంట్లు తోమగలడు, బియ్యము ఏరగలడు, తన బట్టలు తాను ఉతుకుకొనగలడు. తండ్రి సాయంకాలము గేదెలను పితికినచో ఆయన మర్యాదకు లోపము రాదు. పాలకు రుచి తగ్గదు. పనులలో కొన్నింటిని అసలు తగ్గించుకొనవచ్చును గూడ. పరీక్షల మాసమున రెండు కూరలకు మాఱు ఒక కూర, పప్పు చాలునని అత్తగారు అన్నచో, ఆ మాట కోడలికి ఒక ఉపన్యాసము కంటె ఎక్కువ మేలు చేయును. ఆమె అక్షరము లెఱుగనిదైనను కావచ్చును. ఆ యింటి విద్యకు ఆమెయే నీరుగంటి.

తల్లియు ఒక విషయము గమనింపవలెను. మూడు పనులను మూడింటిని లోపము లేకుండ చేయుదునని పంతము పట్టరాదు. కోతల నెలలో చదువు సన్నగిల్లును. పరీక్షల నెలలో ఇల్లు కొంత చెదరియుండును. బిడ్డకు జ్వరము వచ్చిన వారము రెండును ఆగును. ఇది ఓటమి కాదు. ఒక యేడు పరీక్షలో ఒక విషయము నిలిచిపోయినను, దానిని మరల వ్రాయుటకు సార్వత్రిక విద్యలో అవకాశము కలదు. ఎండిన మడిని మఱుసటి కారున తడుపవచ్చును. వంతును మాత్రము విడిచిపెట్టరాదు. ఒకసారి విడిచిన వంతును మరల అడుగుట కష్టము.

విద్యార్థులకు అభ్యాసము

పాఠము చదివి మూసినందువలన ప్రయోజనము లేదు గనుక ఈ సెలవులలో చేయుటకు మూడు పనులు సూచించుచున్నాము.

మొదటిది: ఒక వారము దినములు మీ యింట ఎవరు ఏ పని ఎన్ని నిమిషములు చేసిరో కాగితముపై వ్రాయుడు. మీ పనిని గూడ దాచక వ్రాయుడు. వారము చివర స్త్రీల మొత్తమును, పురుషుల మొత్తమును వేఱువేఱుగ కట్టి, పైన చెప్పిన 299, 97 అంకెలతో పోల్చి చూడుడు.

రెండవది: మీ తల్లిగాని, వదినగాని, అక్కగాని చదువు మధ్యలో ఆపిరేమో అడుగుడు. ఏ తరగతిలో, ఏ నెలలో, ఏ కారణమున ఆపిరో తెలిసికొనుడు. వారు మరల చదువగోరినచో, ఏ విశ్వవిద్యాలయములోనో, సార్వత్రిక పాఠశాలలోనో చేరుటకు కావలసిన అర్హతలను, గడువు తేదీలను విచారించి వారికి చెప్పుడు. దరఖాస్తు నింపుటలో సాయపడుడు.

మూడవది ముఖ్యముగ బాలురకు: ఆ కాగితములోని పనులలో ఒకదానిని, దినమునకు ముప్పావుగంట పట్టుదానిని, ఎవరును చెప్పకుండ మీదిగ గైకొని, పాఠశాల తెఱచు దినము వఱకు నడపుడు. పాఠశాల తెఱచిన పిదపయు నడపినచో మఱింత సంతోషము. తలిదండ్రులు ఈ అభ్యాసమును చూచి, నిజమని సంతకము చేసి పంపవలెనని కోరుచున్నాము. మార్కులు దీనికి లేవు. మీ యింట ఒకరు నిశ్చింతగ ఒక పాఠము ముగించుటయే దీని ఫలితము.